పంటికింద పనితనం

నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళెవరో ఏడాదిగా వాడుతున్న నైట్‌గార్డ్ ఒకటి దొరికితే కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూడండి. వంపు తిరిగిన పారదర్శకమైన పలక. వెనకపళ్ళ దగ్గర మందం రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. లోపలివైపు ఒక మనిషి పైవరస పళ్ళన్నీ గుంటలు గుంటలుగా ఉంటాయి. ఆ గుంటలు ఇంకెవరి నోటికీ సరిపోవు. బయటివైపు, అంటే కిందిపళ్ళు వచ్చి తగిలే వైపు, మొదట్లో మరక లేకుండా నున్నగా ఉండేది. ఇప్పుడు దానినిండా గీతలు, మసకమచ్చలు, కోరపన్ను చోట పక్కకి ఈడ్చిన గాడి. ఆ గాడి పంటిమీద పడాల్సింది. ప్లాస్టిక్ మీద పడింది.

చేతిపనుల మీద మనవాళ్ళు రాసినవి తక్కువేం కాదు. ఏలూరు తివాచీ, ఉప్పాడ చీర, ఏటికొప్పాక లక్కబొమ్మ. అవన్నీ పదిమంది చూడాలని చేసేవి. నైట్‌గార్డ్ దీపం ఆర్పాక నోట్లోకి వెళ్తుంది, తెల్లవారగానే డబ్బాలోకి. చేసినవాడికి వాడేవాడి ముఖం తెలియదు, రాతిలాంటి పళ్ళబొమ్మ ఒక్కటే తెలుసు. వాడేవాడికి చేసినవాడు ఒకడున్నాడన్న ఊహే ఉండదు, డాక్టరు గారే చేశారనుకుంటాడు. పైగా నలిగి అరిగిపోవడమే దాని ఉద్యోగం. ఇలాంటి వస్తువు మీద ఎవరైనా అంత శ్రద్ధ ఎందుకు పెడతారు? పెడతారు. మనిషి దవడ అంత మొండిది కాబట్టి పెట్టాల్సొస్తుంది.

ఆ మొండితనం సంగతి చింతలపూడి వైపు నుంచి మొదలుపెడతాను. అది మెట్టప్రాంతం. పామాయిల్ తోటలు, కొన్నిచోట్ల వాటి వరసల మధ్య కోకో, ఆపైన మొక్కజొన్న చేలు. పైకి పోతే సత్తుపల్లి, కిందికి దిగితే ధర్మాజీగూడెం, విజయరాయి మీదుగా ఏలూరు. ఈ వైపు పల్లెల్లో పంటిబాధ అంటే తెలిసినవి రెండే. పుచ్చితే సిమెంటు పెట్టించుకోవడం, అదీ దాటితే పీకించుకోవడం. పళ్ళు అరిగాయంటే వయసు ఖాతాలో రాసేస్తారు, ఆ మనిషికి ముప్పై అయిదేళ్ళే అయినా సరే.

తాను నిద్రలో పళ్ళు కొరుకుతున్నట్టు కొరికేవాడికి తెలియదు. పక్కన పడుకున్నవాళ్ళు చెప్పాలి. ‘రాత్రంతా కటకటమంటూనే ఉన్నారు, నాకు నిద్ర లేదు’ అని ఇల్లాలు అంటేనే విషయం బయటపడుతుంది. మొక్కజొన్న పొత్తు గింజ పట్టాక అడవిపందుల కాపలాకి మంచె మీద పడుకునేవాడికి ఎవరు చెబుతారు? కొల్లేరు వైపు చేపల చెరువు గట్టున, పాకలో, ఏరేటర్ల మోతలో కునుకు తీసేవాడికి ఎవరు చెబుతారు? తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుందన్న భయంతో సగం మెలకువగానే ఉంటాడతను. ఇలాంటివాళ్ళకి కబురు నిద్ర లేచాక అందుతుంది. దవడ బిర్రుగా ఉంటుంది, ఆవలిస్తే చెవి ముందర నొప్పి, కణతల్లో బరువు. చల్లటి నీళ్ళు పుక్కిలిస్తే పళ్ళు జివ్వుమంటాయి. నిరుడు పెట్టించుకున్న సిమెంటు కారణం లేకుండా ఊడొస్తుంది. అద్దంలో చూసుకుంటే కోరపళ్ళ మొనలు కనబడవు.

రెండు అరచేతులూ చెంపల మీద ఆనించి పళ్ళు గట్టిగా బిగించి చూడండి. దవడ మూల దగ్గర వేళ్ళ కింద గట్టిగా ఉబ్బే కండ ఒకటుంది, మాసెటర్ అంటారు. వేళ్ళు కణతల మీదకి జరిపి మళ్ళీ బిగిస్తే అక్కడా ఒకటి కదులుతుంది, అది టెంపొరాలిస్. లోపల కనబడనివి ఇంకా రెండు జతలున్నాయి. పెద్దమనిషి రోజు మొత్తం మీద, భోజనాలతో సహా, పైపళ్ళూ కిందిపళ్ళూ ఆనించే సమయం సుమారు ఇరవై నిమిషాలని దంతవైద్యులు చెప్పుకునే పాత లెక్క. మిగతా వేళంతా రెండు వరసల మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. కొరికేవాడి నోట్లో ఆ లెక్క తప్పుతుంది. 1986లో ఫ్లోరిడాలో ఒక మనిషి కొరుకుడు బలాన్ని కొలిస్తే సుమారు రెండు సెకన్లపాటు 442 కిలోలు వచ్చింది. అది రికార్డు, అందరి మాటా కాదు. కానీ పళ్ళు నూరే అలవాటున్న కొందరి పట్టు మామూలువాళ్ళకి ఆరు రెట్ల దాకా ఉండొచ్చని ఆ పరిశీలన చేసినవాళ్ళే రాశారు. మెలకువలో ఉంటే నొప్పి తగిలి ఆగుతాం. నిద్రలో ఆ కాపలా సడలుతుంది.

ఇంతకీ ఎందుకు కొరుకుతారు? పళ్ళ వరస సరిగా లేకపోవడం వల్లేనని చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకంతో మంచిపళ్ళనే అరగదీసి సరిచేసినవాళ్ళూ ఉన్నారు. మాంట్రియాల్‌లో పరిశోధకుడు జిల్ లవీన్ బృందం నిద్రపోతున్నవాళ్ళ మెదడు, గుండె, దవడ కండరాలు మూడింటినీ ఒకేసారి నమోదు చేసి చూసింది. కొరుకుడు మొదలయ్యే కొన్ని సెకన్ల ముందే మెదడులో చిన్న కదలిక, వెంటనే గుండె వేగం పెరగడం, ఆ తరువాతే దవడ. అంటే పంటి దగ్గర పుట్టే పని కాదిది, నిద్ర తేలికపడే క్షణంలో మెదడు దగ్గర పుడుతుంది. దిగులు, ఒత్తిడి, పొద్దుపోయాక తాగే కాఫీ టీలు, సిగరెట్టు, మందు దీన్ని పెంచుతాయి. దిగులు తగ్గడానికి వాడే కొన్ని మాత్రలూ పెంచుతాయి. అలాగని మాత్రలు సొంతంగా మానేయకూడదు, రాసిచ్చిన డాక్టరుకి చెప్పాలి. పెద్దవాళ్ళలో నూటికి ఎనిమిది మంది దాకా నిద్రలో నూరుతారని 1994లో కెనడాలో చేసిన సర్వే తేల్చింది. పిల్లల్లో ఇంకా ఎక్కువ. మనకి పిల్లాడు పళ్ళు కొరికాడంటే కడుపులో నులిపురుగులే. మాత్ర వేయించండి, తప్పు లేదు, కానీ ఆ లంకె గట్టిగా రుజువు కాలేదు. చాలామంది పిల్లల్లో దానంతటదే పోతుంది. దవడ ఎదిగే వయసు కనుక వాళ్ళకి సాధారణంగా గార్డ్ జోలికి పోరు.

ఇక పని దగ్గరికి వద్దాం.

మొదట అచ్చు. ఆల్జినేట్ అనే పొడిని రబ్బరు గిన్నెలో నీళ్ళు పోసి గబగబా కలుపుతారు. సముద్రంలో పెరిగే గోధుమరంగు నాచు నుంచి తీసిన సరుకది. ట్రేలో నింపి నోట్లో పెట్టాక రెండు మూడు నిమిషాల్లో గట్టిపడుతుంది. అప్పుడు మెల్లమెల్లగా ఊపుతూ తీస్తే సాగిపోతుంది, ఒక్క ఊపున లాగాలి. చిట్టచివరి దవడపన్ను వెనకభాగం కూడా అందులో పడిందో లేదో చూడాలి, పడకపోతే మళ్ళీ మొదటికి. అచ్చు గాలిలో ఉంటే నీళ్ళు కోల్పోయి కుంచించుకుపోతుంది, నీళ్ళలో పడేస్తే పీల్చుకుని ఉబ్బుతుంది. అందుకే కడిగిన కాసేపట్లోనే అందులో స్టోన్ పోసెయ్యాలి. ఇక్కడే మెట్ట ఊళ్ళకి ఒక చిక్కు. ల్యాబులుండేది ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం, విజయవాడ లాంటి చోట్ల. చింతలపూడిలో తీసిన అచ్చు ఎండలో బస్సెక్కి ఏలూరు చేరేసరికి అది ఆ మనిషి పళ్ళ కొలత కాకుండా పోతుంది. క్లినిక్కులోనే స్టోన్ పోసి, గట్టిపడిన పళ్ళబొమ్మని పంపాలి. ఈ ఒక్క జాగ్రత్త తప్పితే తరువాత ఎంత గొప్ప పనివాడి చేతిలో పడినా లాభం లేదు.

స్టోన్ అంటే జిప్సమే, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కి గట్టి అన్న. వంద గ్రాముల పొడికి ముప్పై మిల్లీలీటర్ల నీళ్ళు. చేతివాటంగా ఇంకో గుటక పోస్తే బొమ్మ మెత్తబడుతుంది. వణికే బల్ల మీద అచ్చుని ఆనించి, ఒక మూల నుంచి చుక్కచుక్కగా జారవిడిస్తూ, ఒక పన్ను నిండాక పక్కపన్ను నింపుతూ పోతారు. గాలిబుడగ చిక్కకూడదు. స్టోన్‌లో బుడగ చిక్కితే పళ్ళబొమ్మ మీద గుంట పడుతుంది. గార్డ్ చేసే ప్లాస్టిక్, అంటే అక్రిలిక్, ఆ గుంటలోకి దిగి గార్డ్ లోపల బొడిపె అవుతుంది. ఆ బొడిపె నోట్లో పన్నుని రాత్రంతా నొక్కుతుంది. అచ్చులోనే బుడగ ఉంటే సంగతి తారుమారు, బొమ్మ మీద బొడిపె లేస్తుంది. ల్యాబులో గార్డ్ చేసే మంచి మెకానిక్ బొమ్మ చేతికి రాగానే మొదట చేసే పని దాన్ని వెలుతురుకి అడ్డంగా తిప్పి ఈ బొడిపెలు వెతకడం. చాకు మొనతో ఒక్కొక్కటే గీకి పడేస్తాడు. పంటి గాడిలో నిజంగా ఉన్న ఎత్తేదో, బుడగ వల్ల వచ్చిన ఎత్తేదో తెలుసుకోవడానికి అతనికి రోగి నోరు లేదు, అనుభవం ఉంది.

అన్నట్టు, మెకానిక్ అన్న మాట నేను చులకనగా వాడటం లేదు. అది చట్టంలో ఉన్న పేరు. 1948 దంతవైద్యుల చట్టం డాక్టర్లతో పాటు డెంటల్ హైజీనిస్టులకీ డెంటల్ మెకానిక్కులకీ వేరువేరు రిజిస్టర్లు పెట్టమంది. అయినా పళ్ళ ఆసుపత్రి బోర్డు మీద ఆ పేరు నేనెక్కడా చూడలేదు.

తరువాత దవడల పొందిక. పై బొమ్మా కింది బొమ్మా ఉంటే చాలదు, అవి ఒకదానికొకటి ఎక్కడ నిలవాలో తెలియాలి. ఇది డాక్టరు పని, రోగిని కూర్చోబెట్టి చేయాలి. కొరికే మనిషి కండరాలకి అలవాటైన మూత ఒకటుంటుంది. నోరు మూయమంటే దవడ పరుగున ఆ చోటికే పోతుంది. ఆ అలవాటు మరపించడానికి ముందుపళ్ళ మధ్య దూది చుట్టో చిన్న అక్రిలిక్ ముక్కో పెట్టి కొన్ని నిమిషాలు ఊరుకోనిస్తారు. వెనకపళ్ళు తగలకపోతే కండరాలు మెల్లగా పట్టు విడుస్తాయి. అప్పుడు గడ్డం కింద వేళ్ళు ఆనించి, బలవంతం లేకుండా, దవడ కీలు తన గూట్లో కుదురుకున్న చోట మైనం మీద గుర్తు తీసుకుంటారు. ‘దవడ నాకు వదిలెయ్యండి, మీరు మూయకండి’ అంటే నూటికి తొంభైమంది మూసేస్తారు. ఓపికంతా ఇక్కడే ఖర్చవుతుంది.

ఆ మైనం గుర్తుతో రెండు బొమ్మల్నీ ఆర్టిక్యులేటర్‌కి బిగిస్తారు. మనిషి దవడలా తెరుచుకుని మూసుకునే, పక్కలకీ ముందుకీ జరిగే ఇనుప చట్రమది. ఇక మెకానిక్ చేయి పడుతుంది. గులాబీరంగు మైనం పలకని వేడిచేసి పైబొమ్మ మీద పరిచి అదుముతాడు. పళ్ళు బాగా ఉబ్బుగా ఉన్న చోటు దాటి మైనం చిగుళ్ళ వైపు ఎంత పోవాలన్నది పెద్ద లెక్క. ఉబ్బు దాటకపోతే గార్డ్ రాత్రి నాలుక తగలగానే ఊడి పడుతుంది. మరీ దాటితే పొద్దున తీయడానికి గోళ్ళు విరుగుతాయి. అర మిల్లీమీటరు తేడాలో ఉంటుంది వ్యవహారం. తరువాత కిందిబొమ్మని మూసి, మెత్తటి మైనంలో కిందిపళ్ళ మొనలు దిగిన గుంటల్ని చూసి, ఆ గుంటల్ని పూడ్చి చదును చేస్తాడు. గుంటలుంటే కిందిపన్ను వాటిలో ఇరుక్కుని దవడని కట్టేసినట్టవుతుంది. చదునుగా ఉంటే తగిలి, హాయిగా జారుతుంది. కోరపన్ను దగ్గర మాత్రం మైనం కాస్త ఎత్తి వాలు కడతాడు. ఆ వాలు సంగతి కాసేపట్లో చెబుతాను, వస్తువు మొత్తానికీ ప్రాణం అక్కడే.

మైనాన్ని అక్రిలిక్‌గా మార్చడం పాత కట్టుడుపళ్ళ విద్యే. మైనంతో సహా బొమ్మని ఇత్తడి ఫ్లాస్కులో ప్లాస్టర్ మధ్య పూడ్చి, వేడినీళ్ళతో మైనం కరిగించి కడిగేస్తారు. మైనం ఉన్న చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి అక్రిలిక్. పొడి మూడు పాళ్ళు, ద్రవం ఒక పాలు కలిపి మూతపెట్టి చూస్తూ ఉండాలి. మొదట తడి ఇసుకలా ఉంటుంది, తరువాత వేలికి అంటి దారాలు సాగుతుంది, ఆపైన గిన్నెని వదిలేసి ముద్దగా వస్తుంది. ఆ ముద్ద వేళనే నింపాలి. ముందు నింపితే కారిపోతుంది, ఆలస్యమైతే రబ్బరులా తిరగబడుతుంది. మధ్యలో పారదర్శకమైన పొర వేసి ఫ్లాస్కు మూసి, మరమీద నొక్కి, మళ్ళీ తెరిచి, పక్కలకి పొంగిన మిగులు కోసేసి, మళ్ళీ నొక్కుతారు. ఆ గదిలో ఘాటైన వాసన, కిటికీలు తెరవకపోతే తలనొప్పి ఖాయం.

తొందరపడేవాడి పని ఉడికించేటప్పుడు దొరికిపోతుంది. ఆ ద్రవం 100 డిగ్రీలు దాటీదాటగానే మరుగుతుంది. ఫ్లాస్కుని తిన్నగా మరిగే నీళ్ళలో వేస్తే లోపలి ద్రవం గట్టిపడకముందే ఆవిరై బుడగలు కడుతుంది. గులాబీరంగు కట్టుడుపళ్ళలో ఆ బుడగలు రంగు చాటున దాక్కోవచ్చు, పారదర్శకమైన గార్డ్‌లో దాచడానికి చోటు లేదు. అందుకే నీళ్ళని 74 డిగ్రీల దగ్గర నిలిపి, నిదానపు పద్ధతిలో ఎనిమిది గంటల దాకా ఉంచి, ఆ తరువాతే మరుగుకి తెస్తారు. అది అయ్యాక ఫ్లాస్కుని బల్లమీద పెట్టి దానంతటదే చల్లారనివ్వాలి. కుళాయి కింద పెట్టి చల్లార్చి గంట మిగుల్చుకున్నవాడి గార్డ్ వంకర పోతుంది. ఆ వంకర కంటికి ఆనదు, రోగి నోట్లో పెట్టినప్పుడు ఒక పక్క లేచి తెలుస్తుంది. మీ చేతిలోని గార్డ్‌ని వెలుతురుకి పట్టినప్పుడు లోపల ఒక్క తెల్లచుక్క కూడా లేదంటే, ఎవరో ఒకరు ఆ సాయంత్రం ఇంటికి తొందరపడలేదని అర్థం.

ప్లాస్టర్ పగలగొట్టి గార్డ్ తీశాక బర్ అనే తిరిగే మొనతో అంచులు, ప్యూమిస్ పొడితో నునుపు, గుడ్డచక్రంతో మెరుపు. కొత్త అక్రిలిక్‌లో మిగిలిన ద్రవం చిగుళ్ళని మండించకుండా ఒక రోజు నీళ్ళలో నానబెడతారు. అప్పుడు డబ్బాలో పెట్టి క్లినిక్కుకి పంపుతారు.

చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. నా లెక్కలో ఇది సగమే. పంటికున్న స్పర్శజ్ఞానం మామూలుది కాదు, సుమారు 20 మైక్రాన్ల మందమున్నది మధ్యలో పడినా పసిగడుతుంది. అన్నంలో నలిగీ నలగని ఇసుక రేణువు పడితే ముద్ద ఆపేస్తాం కదా, ఆ జ్ఞానమే. ఎంత బాగా చేసిన గార్డ్ అయినా నోట్లో పెట్టగానే ఎక్కడో ఒకచోట ముందు తగులుతుంది. వానాకాలంలో తలుపు ఒక మూల ఉబ్బి గడపకి రాసుకుంటే తలుపంతా గుంజినట్టే, ఆ ఒక్క ఎత్తు కోసం దవడ మొత్తం పక్కకి జరుగుతుంది. డాక్టరు నీలం కాగితం పళ్ళ మధ్య పెడతారు.

‘కొరకండి. టకటకా కొట్టండి. ఎక్కడన్నా ముందు తగులుతోందా?’

‘కుడిపక్క వెనకాల కొంచెం ఎత్తుగా ఉందండీ.’

తీసి చూస్తే కుడివైపు ముదురునీలం మచ్చ, మధ్యలో తెల్లటి చుక్క. ఆ తెల్లచుక్కే అసలు దొంగ, బరువంతా అక్కడ పడి రంగు చెదిరిపోయిన చోటు. దాన్ని బర్‌తో ముట్టీముట్టనట్టు తీసి మళ్ళీ కాగితం. ఈసారి ఎడమవైపు ఒకటి. మళ్ళీ. అరగంట, ముప్పావుగంట ఇదే పని. చివరికి కిందిపళ్ళలో ప్రతిదానికీ గార్డ్ మీద ఒక నీలం చుక్క, అన్నీ ఒకే సైజు, ఒకే ముదురు. ఎనిమిది మైక్రాన్ల రేకు పెట్టి లాగినా అన్నిచోట్లా ఒకేలా పట్టుకోవాలి.

అప్పుడు ఎర్ర కాగితం. ‘పళ్ళు ఆనించి ఉంచి దవడ కుడికి జరపండి.’ మైనంలో కట్టిన వాలు ఇప్పుడు పనిలోకి దిగుతుంది. కింది కోరపన్ను ఆ వాలు మీద ఎక్కగానే వెనకపళ్ళన్నీ గార్డ్ నుంచి విడివడతాయి. వెనక ఎక్కడా ఎర్రగీత పడకూడదు. పడేది కోరపన్ను దగ్గర ఒక్కటే, సన్నగా, తిన్నగా. కోరపన్ను వేరు పొడుగు, దవడ కీలుకి దూరం, పక్కబరువు మోయగలదు. వెనకపళ్ళు విడివడితే నమిలే కండరాల బిగువు కూడా తగ్గుతుంది. నీలం చుక్కలన్నీ సమానంగా, కోరపళ్ళ దగ్గర రెండే రెండు ఎర్రగీతలతో ఉన్న గార్డ్‌ని ఒకసారి చూసినవాడు మరిచిపోడు. మరుక్షణం డాక్టరు తడిగుడ్డతో ఆ రంగంతా తుడిచేసి ఇచ్చేస్తారు.

ఈ చదునుపలక, కోరపన్ను వాలు పద్ధతిని స్థిరపరిచినవాళ్ళు మిషిగన్ విశ్వవిద్యాలయపు సిగర్డ్ రాంఫ్‌యోర్డ్, మేజర్ ఆష్. మేజర్ ఆయన పేరే, సైన్యంలో హోదా కాదు. అంతకుముందు 1901 నాటికే వియన్నాలో కారొలీ అనే దంతవైద్యుడు గట్టిరబ్బరుతో ఇలాంటిది చేసి పెట్టాడు. అక్రిలిక్ 1930ల చివర్లో వచ్చింది. ఇప్పుడు నోట్లోనే స్కానర్ తిప్పి, కంప్యూటర్లో గీసి, అక్రిలిక్ దిమ్మని చెక్కి తీసే యంత్రాలు, ప్రింటర్లు పెద్ద ఊళ్ళ ల్యాబులకి వచ్చాయి. వాటిలో బుడగలూ వంకరలూ తక్కువ. నాకు వాటి మీద అసూయ లేదు. కానీ నీలం కాగితం, ఎర్ర కాగితం మాత్రం వాటికీ తప్పలేదు.

మెడికల్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరికే మెత్తటి గార్డులున్నాయి, వేడినీళ్ళలో ముంచి కొరికి అచ్చు వేసుకునేవి. చవక. 1987లో దంతవైద్యుడు జెఫ్రీ ఓకెసన్ పదిమందికి గట్టివీ మెత్తవీ మార్చి మార్చి పెట్టి రాత్రి కండరాల కదలిక కొలిచారు. గట్టిది పెట్టినప్పుడు ఎనిమిదిమందిలో తగ్గింది. మెత్తది పెట్టినప్పుడు అయిదుగురిలో పెరిగింది. పదిమందితో తేలేది కొంతే, అయినా మెత్తగా ఏదన్నా దొరికితే నమలబుద్ధి కావడం నోటికి సహజమే కదా. ముందుపళ్ళకి మాత్రమే తొడిగేవి కూడా అమ్ముతారు. వాటితో ఇంకో ప్రమాదం ఉంది. ఆసరా లేని వెనకపళ్ళు నెలల తరబడి మెల్లగా పొడుచుకొచ్చి, చివరికి ముందుపళ్ళు కలవకుండా పోవచ్చు. గార్డ్ ఆ వరసలోని పళ్ళన్నిటినీ కప్పాలి.

ఇంత పొగిడాక చెప్పాల్సిన మాట ఒకటుంది. గార్డ్ కొరుకుడుని మాన్పదు. 2007లో కోక్రేన్ సమీక్ష ఉన్న పరీక్షలన్నీ కూడదీసి, నిద్రలో కొరకడాన్ని ఇది తగ్గిస్తుందనడానికి చాలినంత రుజువు లేదనీ, పళ్ళ అరుగుదల విషయంలో మేలుండొచ్చనీ తేల్చింది. కాబట్టి ఇది మందు కాదు, తన ఒళ్ళు అడ్డం పెట్టే వస్తువు. పంటి ఎనామెల్ ఒకసారి పోతే తిరిగి పుట్టదు. అక్రిలిక్ దానికంటే మెత్తన, అరిగితే ఇంకోటి చేయించుకోవచ్చు. గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగేవాళ్ళు మాత్రం ముందు నిద్ర పరీక్ష చేయించుకోవాలి, కొందరిలో పైవరస గార్డ్ ఆ బాధని పెంచినట్టు చూశారు.

కండరాల బిగువు తగ్గించే పని పగలు మనమే చేయాలి. పెదాలు కలవాలి, పళ్ళు కలవకూడదు. నాలుక కొసని ‘ల’ అనేటప్పుడు ఆనే చోట తేలిగ్గా ఆనించి ఉంచితే పళ్ళు విడిగా ఉంచడం తేలికవుతుంది, చేసి చూడండి. ఫోను చూస్తున్నప్పుడు, బండి గతుకుల్లో పోతున్నప్పుడు, లెక్కలు చూసుకుంటున్నప్పుడు పళ్ళు కలిసి ఉన్నాయేమో గమనించుకుని విడదీయాలి. దవడ పట్టేసిన రోజుల్లో వేడినీళ్ళలో పిండిన తువ్వాలు చెంపకి పావుగంట, ఆపైన దవడ మూల కండని వేళ్ళతో గుండ్రంగా నెమ్మదిగా రుద్దడం. తేగలు, చెరుకుముక్క, కాల్చిన పొత్తు ఆ వారం మానుకోవడం కష్టమే, మన జిల్లాలో మరీ కష్టం. ఆవలింత వచ్చినప్పుడు గడ్డం కింద చేయి ఆసరా పెట్టుకోవాలి. మాసెటర్‌లోకి బోటాక్స్ సూదులు వేసే పద్ధతీ ఉంది. ఖర్చెక్కువ, కొన్ని నెలలే పని చేస్తుంది, మొదటే దాని దగ్గరికి పరుగెత్తక్కర్లేదు.

బిగుసుకున్న ప్రతి దవడా కొరుకుడు వల్లేనని అనుకోవద్దు. మూడు వేళ్ళు నిలువుగా పెట్టేంత నోరు తెరుచుకోకపోతే, అందులోనూ వక్కపొడి, గుట్కా నమిలే అలవాటుంటే, లోపలి పొర గట్టిపడి నార కడుతోందేమో వెంటనే చూపించుకోవాలి. అది కేన్సర్‌కి దారి తీయగల జబ్బు. దెబ్బ తగిలిన కొన్ని రోజులకి దవడ బిగిస్తే ధనుర్వాతం అనుమానంతో ఆసుపత్రికి పరుగెత్తాలి. పళ్ళూ దవడా చూపించుకోవడానికి ఏలూరు దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ దంతవైద్య కళాశాల, భీమవరంలో విష్ణు దంతవైద్య కళాశాల ఉన్నాయి. నేర్చుకునే పిల్లలు చూస్తారని జంకక్కర్లేదు, పక్కన నేర్పే గురువులుంటారు.

గార్డ్ వేయించుకునేవాళ్ళకి నాలుగు మాటలు. బ్రష్షూ మామూలు సబ్బూ పెట్టి చల్లటి నీళ్ళతో కడగండి. పేస్టు గీతలు పెడుతుంది, వేడినీళ్ళు వంకర తెస్తాయి. కుక్కలకి అందనివ్వకండి, వాటికి మహా ఇష్టం. కాగితం పెట్టి సరిచేయకుండా చేతికిచ్చి పంపేస్తుంటే కుర్చీ దిగకుండా అడగండి. కండరాలు సడలేకొద్దీ దవడ నిలిచే చోటు కొంచెం జరుగుతుంది, మొదట సమానంగా ఉన్న చుక్కలు అప్పుడు తప్పుతాయి. అందుకే రెండు వారాలకి మళ్ళీ రమ్మంటారు. నొప్పి తగ్గింది కదా అని మానేయకుండా వెళ్ళండి. వెళ్ళేటప్పుడు గార్డ్ కూడా డబ్బాలో పెట్టి పట్టుకెళ్ళండి, చాలామంది ఇంట్లో మరిచిపోయి ఉత్తచేతులతో వెళ్తారు.